పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి, మాకొక గది చూపించండి
(మంత్రి నారా లోకేశ్ గారికి దుగ్గిరాల నుంచి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన నారా లోకేశ్ గారికి,



మీరు మా మంగళగిరి నియోజకవర్గ శాసనసభ్యులు. రాష్ట్రంలో బడి పిల్లల బాధ్యత చూసే శాఖ మీ దగ్గరే ఉంది, ఐటీ శాఖా మీ దగ్గరే ఉంది. మా దుగ్గిరాలలో ఇప్పుడు ఈ రెండు శాఖల మనుషులకీ తగువు వచ్చింది. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు బజార్లో ఆటకు దిగుతారు. సరిగ్గా అప్పుడే డాబాల మీది గదుల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్ళకు మీటింగులు మొదలవుతాయి. ఎవరు ఎవరికి అడ్డం అన్నది తేలక బజారు బజారంతా ముఖాలు ముడుచుకుని తిరుగుతోంది.

ఈ మధ్య మా బజారు వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు వచ్చింది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా పిల్లల్ని దయచేసి ఇళ్ళలోనే ఉంచుకోండి, ఇక్కడ కొంతమంది వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నారు అని దాని సారాంశం. కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. ఆ 'కొంతమంది'లో నేనూ ఉన్నాను. పెట్టినవారు నా మేలు కోరే పెట్టారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నా ఉద్యోగం పేరు చెప్పి పిల్లల ఆట ఆపడానికి నేను ఒప్పుకోలేను. అలాగని నా ఉద్యోగానికి ప్రశాంతత అక్కర్లేదని చెప్పలేను. ఈ రెంటికీ దారి మీ చేతుల్లో ఉంది కనుక మీకు రాస్తున్నాను.

ముందు మా ఇబ్బంది ఎలాంటిదో చెప్తాను. వినేవాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. "పిల్లలన్నాక అల్లరి చెయ్యరా?" అని తేల్చేస్తారు. నేను చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టరు రాసిన చార్టు చదివి, ఆ రోగానికి, ఆ చికిత్సకు తగిన కోడు వెయ్యాలి. ఐసీడీ-10 అనే ఆ కోడ్ల పద్ధతిలో విరిగింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అన్నదానికి కూడా వేరు వేరు కోడ్లు ఉంటాయి. మొదటిసారి చూపించుకోవడానికి ఒకటి, మళ్ళీ వచ్చినప్పుడు ఇంకొకటి. పేజీ మీద కన్ను ఉంచి, డాక్టరు వాక్యం సగం చదివేసరికి కిటికీ కింద నుంచి "అవుట్ కాదు! బంతి గోడకి తగిలాక పట్టుకున్నావ్!" అని ఒకడి గొంతు. వెంటనే ఇంకొకడు "నీ బ్యాటు కాబట్టి అలాగే అంటావ్" అని. ఆ తగాదాలో న్యాయం ఎవరి వైపుందో నా మనసు దానంతటదే చూడబోతుంది. చార్టు మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

ఫ్యాను రోజంతా హోరెత్తినా నాకేమీ కాదు. రోడ్డు మీద లారీల రొద కూడా కొంతసేపటికి చెవికి అలవాటైపోతుంది. అర్థమయ్యే మాట మాత్రం అలా కాదు. చప్పుడు తక్కువే అయినా అర్థమయ్యే మాటలు చదివేవాడి ధ్యాసను ఎక్కువగా చెదరగొడతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి చెబుతున్నారు. పైగా పిల్లల కేక సన్నగా, పదునుగా ఉంటుంది. మనిషి చెవి ఎక్కువ చురుగ్గా పట్టుకునేది అలాంటి గొంతునే. పసిబిడ్డ ఏడిస్తే ఎంత నిద్రలో ఉన్నా తల్లి లేవడానికే ప్రకృతి చెవిని అలా చేసిందేమో. కాల్‌లో ఉన్నప్పుడు టీమ్స్, జూమ్ లాంటివి ఫ్యాను హోరును, కుక్క అరుపును చాలావరకు తీసేస్తాయి. పిల్లల గొంతు కూడా మనిషి గొంతే కనుక దాన్ని తీసెయ్యడం వాటికీ కష్టమే. అటు పక్క అమెరికాలో ఉన్న మనిషి మర్యాదగా "అంతా బాగానే ఉందా?" అని అడుగుతాడు. ఇంట్లో కూర్చుని పనిచేస్తున్నామన్న మొహమాటం ఆ ప్రశ్నతో రెట్టింపవుతుంది.

కాబట్టి ఇబ్బంది నిజం. దీని వెనక ఎవరి చెడ్డతనమూ లేదు. గడియారాలు అలా కుదిరాయి, అంతే. మనకు సాయంత్రం ఆరైతే వేసవిలో న్యూయార్కులో ఉదయం ఎనిమిదిన్నర. అక్కడ ఆఫీసులు తెరిచే వేళ. చలికాలంలో వాళ్ళ గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది గనుక మనకు ఆరున్నరైతే వాళ్ళకు ఎనిమిది. లండన్ వాళ్ళతో పనిచేసేవారికి మన సాయంత్రం వాళ్ళ మధ్యాహ్నం. ఏ దేశం లెక్క తీసుకున్నా సరే, అయిదు నుంచి ఎనిమిది దాకా కాల్స్ తప్పవు. ఇక పిల్లల సంగతి. నాలుగు గంటలకు బడి వదులుతారు. ఇంటికొచ్చి, ఏదో తిని, బయటికొచ్చేసరికి అయిదు. ఏప్రిల్, మే నెలల్లో మన కృష్ణా డెల్టా ఎండకు అంతకంటే ముందు బయట కాలు పెట్టలేరు. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గూకుతుంది. వాళ్ళకు రోజు మొత్తం మీద దక్కేది ఆ ఒక్క గంట, మహా అయితే రెండు. ఆ గంట కూడా ట్యూషన్లు మింగగా మిగిలినది. మాకు మీటింగు మార్చుకునే వీలు లేదు, వాళ్ళకు పొద్దును ఆపుకునే వీలు లేదు.

2020 మార్చికి ముందు ఈ తగువు ఎందుకు లేదంటే, పనిచేసేవాళ్ళు ఊళ్ళో లేరు గనుక. హైదరాబాదులోనో, బెంగళూరులోనో అద్దాల మేడల్లో ఉండేవారు. లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చినవారిలో కొందరు ఇక్కడే ఉండిపోయారు. నాలాంటి కొంతమంది ఆడవాళ్ళకైతే పెళ్ళయ్యాకో, పిల్లలు పుట్టాకో ఆగిపోయిన ఉద్యోగం తిరిగి దొరికింది ఈ పద్ధతి వల్లనే. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో ఉండి, నెల తిరిగేసరికి నా పేరు మీద జీతం పడటం మా అమ్మ తరంలో ఈ ఊరి ఆడవాళ్ళు ఊహించనిది.

ఊరు కూడా మారింది. దుగ్గిరాల అంటే పసుపు. పసుపు యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు. మా చిన్నప్పుడు ఉడకబెట్టిన పసుపు ఆరబోసే కళ్ళాలు ఊరి అంచుల్లోనే ఉండేవి. పసుపు ఎత్తేసిన మర్నాటి నుంచి అవి మా ఆటస్థలాలు. కబడ్డీ, ఏడుపెంకులాట, బిళ్ళంగోడు అన్నీ అక్కడే. ఇళ్ళ మధ్య ఖాళీ జాగాలుండేవి, గడ్డివాములుండేవి, పెంకుటిళ్ళ ముందు అరుగులుండేవి. అరుగు, పంచ, నడవ దాటితే గానీ లోపలి గది వచ్చేది కాదు గనుక బజారు చప్పుడు అక్కడికి చేరేసరికి సగమయ్యేది. ఇప్పుడు ప్రతి జాగాలోనూ డాబా లేచింది. డాబా గోడ రోడ్డంచు దాకా వచ్చింది. ముందు గది కిటికీకి, బంతికి మధ్య మూడడుగుల దూరం లేదు. సిమెంటు రోడ్డు, రెండు వైపులా సిమెంటు గోడలు. చప్పుడు ఎటూ పోలేక ఆ రెండింటి మధ్యా తిరుగుతుంది. పిల్లలు మా చిన్నప్పటి కంటే ఎక్కువేమీ అరవడం లేదు. అరుపును మింగే మట్టి నేల, చెట్టు, ఖాళీ జాగా మనమే తీసేశాం.

గ్రూపులో ఒకరు శబ్ద కాలుష్య చట్టం గురించి కూడా ఎత్తారు. అందుకని అది ఏం చెబుతుందో చూశాను. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి. పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా. ఆ అంకెలు కూడా ఒక్క కేకకు పెట్టినవి కావు, కొంతసేపటి చప్పుడుకు కట్టిన సగటు. ఆ నియమాలు పేరు పెట్టి కట్టడి చేసేవి లౌడ్‌స్పీకర్లు, హారన్లు, టపాకాయలు, నిర్మాణ యంత్రాల వంటివి. బంతాట ఆడే పిల్లల ప్రస్తావన అందులో లేదు. నిజం చెప్పాలంటే, రాత్రి పది దాటాక మైకు మోగకూడదన్న నియమం మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని ఊరేగింపుల్లో అమలైందో అందరికీ తెలుసు. డీజే పెట్టినవాణ్ణి అడగలేని మనం, ప్లాస్టిక్ బ్యాటు పట్టుకున్న పదేళ్ళవాణ్ణి గదమాయిస్తున్నాం. తిరిగి మాట అనలేనివాళ్ళ మీదికి పోవడం న్యాయం కాదు.

బయటి దేశాల్లో ఈ సమస్య మనకంటే ముందే వచ్చింది. జర్మనీలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద, ఆటస్థలాల మీద ఇరుగుపొరుగు కోర్టులకెక్కేవారు. చివరికి 2011లో ఆ దేశ పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అలాంటి చోట్ల పిల్లలు చేసే చప్పుడును సాధారణంగా హానికరమైన శబ్దంగా చూడకూడదని, దానికి డెసిబెల్ పరిమితులు వర్తింపజేయకూడదని రాసుకుంది. టోక్యో నగర ప్రభుత్వం 2015లో బడి ఈడు రాని పిల్లల గొంతులను తన శబ్ద నియంత్రణ లెక్కల నుంచి తప్పించింది. అదే జపాన్‌లో నగానో నగరంలో 2023లో ఒక పిల్లల పార్కునే మూసేశారు. చుట్టుపక్కల నుంచి వచ్చిన చప్పుడు ఫిర్యాదులు దానికి ఒక కారణం. పిల్లలు తగ్గిపోతున్నారని దిగులుపడే దేశంలోనే ఉన్న పిల్లలకు పార్కు లేకుండా పోయింది. మన ముఖ్యమంత్రి గారు కూడా రాష్ట్రంలో జననాలు తగ్గుతున్నాయని, పిల్లల్ని కనమని చెబుతున్నారు. కన్న పిల్లలు ఎక్కడ ఆడుకోవాలో కూడా ప్రభుత్వమే చూడాలి కదండీ.

ఇప్పుడు నాకు అసలు భయం కలిగించే సంగతికి వస్తాను. గ్రూపులో పెట్టిన పోస్టు అమలైతే పిల్లలు ఇంట్లో కూర్చోరు. మగపిల్లలు ఇంకెక్కడికో పోతారు. మా ఊళ్ళో ఇంకెక్కడికో అంటే ఎక్కడికి? కృష్ణా పడమటి కాలవ మా ఊరి మీదుగానే పోతుంది, మా ఊరి దగ్గరే లాకులున్నాయి. నీళ్ళు వదిలిన నెలల్లో కాలవగట్టు మీద బంతాట అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. బంతి నీళ్ళలో పడితే పిల్లవాడు దాని వెనకే వెళ్తాడు. అటు విజయవాడ-తెనాలి రైలు పట్టాలు. ఇటు తెనాలి రోడ్డు, పొద్దస్తమానం లారీలు, బస్సులు. బజారు ఒక్కటే పెద్దవాళ్ళ కళ్ళెదుట ఉండే చోటు. ఎవడైనా మోకాలు చెక్కుకుంటే ఎదురింటి పిన్ని పసుపు అద్దే చోటు అది. దాన్ని మూసేసి పిల్లల్ని కాలవ దిక్కుకు తోలితే, ఆ తర్వాత జరిగేదానికి ఎవరం జవాబు చెబుతాం?

ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. మగపిల్లలకు బజారు లేకపోతే సైకిలెక్కి ఇంకో బజారుకు పోతారు. ఆడపిల్లలను ఇంటి ముందు, అమ్మకు కనిపించేంత దూరంలోనే ఆడనిస్తారు. ఆ ఇంటి ముందు జాగా పోతే వాళ్ళకు ఆటే లేదు. పదకొండు పన్నెండేళ్ళు వచ్చేసరికి ఎలాగూ "ఇంక చాల్లే, లోపలికి రా" అంటాం. ఆ లోపు దొరికే నాలుగైదేళ్ళ తొక్కుడుబిళ్ళను, దాగుడుమూతలను కూడా నా మీటింగు కోసం లాక్కోవాలా? నేను ఇంటి నుంచి ఉద్యోగం చేయగలగడం ఆడవాళ్ళకు జరిగిన మేలని అందరూ అంటారు. ఆ మేలు కోసం నా కూతురి ఈడు పిల్లలు ఇంట్లో మగ్గితే అది ఎవరికి మేలు?

ఇక మిగిలేది ఫోను. దాని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లలు రోజుకు సగటున ఒక గంటైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తైవాన్‌లో పిల్లలకు దగ్గరచూపు కళ్ళద్దాలు పెరిగిపోవడం చూసి, 2010 నుంచి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండేలా ఒక కార్యక్రమమే నడిపారు. ఆడుకోవడం బాలల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఉంది, దానికి మన దేశం 1992లో ఒప్పుకుంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటోంది. చట్టాలకు కొదవ లేదు.

పిల్లల విషయాన్ని పెద్దల పనిగా పెట్టుకున్న ప్రాంతం మాది. చందమామ పత్రికను 1947లో నాగిరెడ్డి గారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి గారిది తెనాలి. దాన్ని దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. మీరు కూడా 2024 డిసెంబరు 7న ముఖ్యమంత్రి గారితో కలిసి బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో తల్లిదండ్రుల మధ్య కూర్చుని పిల్లల సంగతులు మాట్లాడారు. ఆ రోజు మాట్లాడిన చదువుల పక్కనే ఈ ఆటల మాట కూడా ఉంచండి.

మీరు చెయ్యగలిగింది చాలా ఉంది. 2025 ఫిబ్రవరి 11న, సైన్సులో స్త్రీలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం నాడు, రాష్ట్రంలో ఇంటి నుంచి పనిచేసే పద్ధతిని, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం, పెద్ద ఎత్తున తెస్తామని ముఖ్యమంత్రి గారు ప్రకటించారు. కొత్త ఐటీ విధానం కింద ప్రతి నగరంలో, పట్టణంలో, మండలంలో ఐటీ పనికి తగిన ఆఫీసు జాగాలు కట్టేవారికి ప్రోత్సాహకాలిస్తామన్నారు. మండలం అన్న ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. దుగ్గిరాల మండల కేంద్రం. రైలు స్టేషనుంది, విజయవాడకు, తెనాలికి మధ్యలో ఉంది. కొల్లిపర నుంచి, చిలువూరు నుంచి, పెదవడ్లపూడి నుంచి రావడం సులువు. మాకు అద్దాల భవనం అక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఒక ప్రభుత్వ భవనంలో ఒక హాలు, తలుపు వేస్తే చప్పుడు రాని నాలుగు చిన్న గదులు, ఆగని నెట్టు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి పది దాకా వాచ్‌మన్. దీనికి నెలకింతని అద్దె కట్టడానికి నేను సిద్ధం, నాలాంటివాళ్ళు చాలామంది సిద్ధం. రాత్రి షిఫ్టు అయ్యాక ఇంటికి చేరడానికి వీధి దీపాలు వెలిగితే ఇంకా మంచిది. ఆ వెలుగు లేకపోతే మా ఇళ్ళలో ఆడవాళ్ళను బయటికి పంపరు, ఆ హాలు మగవాళ్ళకే మిగిలిపోతుంది.

రెండో మాట బడి మైదానాల గురించి. ఊళ్ళో ఇంత జాగా కొరత ఉంటే, బడి వదిలాక గేటుకు తాళం వేసే మైదానాలు సాయంత్రమంతా ఖాళీగా పడుంటాయి. హెడ్‌మాస్టర్లను తప్పుపట్టను. ఏదైనా పగిలినా, ఎవరికైనా దెబ్బ తగిలినా సంజాయిషీ ఇవ్వాల్సింది వాళ్ళే. ఆ భారం వాళ్ళ మీద నుంచి తీసెయ్యండి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా, ఆదివారాలు, వేసవి సెలవుల్లో రెండు పూటలా మైదానం తెరిచి ఉంచమని ఒక జీవో ఇవ్వండి. చూసుకోవడానికి పంచాయతీ తరఫున జీతమిచ్చి ఒక మనిషిని పెట్టండి. వారంలో రెండు రోజులు ఆడపిల్లలకే కేటాయించండి, ఆ రోజుల్లో ఆడమనిషే ఉండేలా చూడండి.

కొత్త లేఅవుట్లలో పదో వంతు జాగా ఖాళీగా వదలాలని నిబంధన ఉంది. వదిలిన జాగా కొన్నేళ్ళకు చెత్తకుప్పో, ఎవరిదో ప్రహరీ లోపలి పెరడో కాకుండా, సర్వే నంబరుతో సహా బోర్డు పెట్టి గ్రామ సచివాలయంలో జాబితా అంటించమనండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇవన్నీ జరిగేదాకా మా బజారు సంగతి మేమే చూసుకుంటాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా సెలవుల్లో కూడా నిశ్శబ్దంగా ఉండాలి. రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సమ్మ ఉంది, మంచాన పడ్డ తాతగారున్నారు, పసిపిల్లలున్నారు. వాళ్ళ నిద్ర నా మీటింగు కంటే ముఖ్యం, ఆ మాట పిల్లలకు చెప్తే వింటారు. ఎండ చల్లబడ్డాక బజారు మళ్ళీ వాళ్ళదే. ముఖ్యమైన కాల్ ఉన్న రోజున "నాన్నా, ఒక్క అరగంట ఆ చివర ఆడుకోండ్రా" అంటే మా బజారు పిల్లలు ఇప్పటిదాకా ఎప్పుడూ కాదనలేదు. వాళ్ళను పేరు పెట్టి పిలిచి అడగాలి, అంతే. వాట్సాప్‌లో వాళ్ళ అమ్మలకు నోటీసులు పంపితే పెరిగేది పంతమే.

లోకేశ్ గారూ, మంగళగిరిలో మీరు మొదటిసారి ఓడినా నియోజకవర్గాన్ని వదలకుండా తిరిగి, 2024లో మా ఓట్లతోనే గెలిచారు. ఆ తిరగడంలో దుగ్గిరాల బజార్లు కూడా మీకు తెలిసే ఉంటాయి. మండలాల్లో ఐటీ ఆఫీసు జాగాలు అన్న మాటను దుగ్గిరాలతోనే మొదలుపెట్టండి. వచ్చే వేసవి సెలవుల్లోపు బడి మైదానాల గేట్లు సాయంత్రం పూట తెరిపించండి. ఆ రెండూ జరిగితే నేను నా లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఆ హాలుకు వెళ్తాను, మా బజార్లో పిల్లల్ని లోపలికి రమ్మనే అవసరం ఎవరికీ ఉండదు.

ఇట్లు,
ఇంటి నుంచి పనిచేసే ఒక తల్లి,
దుగ్గిరాల, గుంటూరు జిల్లా